ప్లగ్ తీసి చూస్తే స్పార్క్ ఉంది, బిగిస్తే బండి లేవట్లే

కిక్ కొట్టీ కొట్టీ అరికాలు మంటెక్కింది తప్ప బండి ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. నాది పాత డర్ట్ బైక్, 125 సీసీ టూ స్ట్రోక్, బ్యాటరీ లేదు, హెడ్‌లైట్ లేదు, ఉన్నదల్లా ఇంజన్ ఎడమ పక్కన మాగ్నెట్, సీటు కింద స్పార్క్‌ని నడిపే నల్ల డబ్బా సీడీఐ, ట్యాంక్ కింద ఒక కాయిల్, దాన్నుంచి ప్లగ్ దాకా ఒక మందపాటి వైరు, అంతే. మొత్తం వైర్లు లెక్కేస్తే పది కూడా ఉండవు. అలాంటి బండిలో స్పార్క్ ఎందుకు వీక్ అయిందో కనుక్కోడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది, అందులో రెండు పూర్తిగా నా సొంత తెలివి వల్లే పోయాయి.

ముందు జబ్బు లక్షణం చెప్తా, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది, నేనే చూడలా. కిక్ కొడితే లేవదు, ముప్పై నలభై కొట్టినా లేవదు, ప్లగ్ తీస్తే పెట్రోల్‌తో తడిసి ముద్దయి ఉంటుంది. కానీ సెకండ్ గేర్‌లో పెట్టి తోస్తే పది అడుగుల్లో లేచిపోతుంది! లేచాక థ్రాటిల్ తిప్పితే చక్కగా లాగుతుంది, పైన మిస్సింగ్ లేదు, ఐడిల్‌లో మాత్రం అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పుతుంది. ఆపితే మళ్ళీ కథ మొదటికి, మళ్ళీ తోపుడే.

నేనేం చేశానంటే ప్లగ్ తీసి, వైరు చివర ఉండే క్యాప్‌కి తగిలించి, సిలిండర్ హెడ్ మీద ఆనించి, మా తమ్ముణ్ణి "కొట్టరా" అన్నా. కొట్టాడు. టిక్కుమని స్పార్క్ కనిపించింది. "స్పార్క్ ఉంది, కార్బ్యురేటరే" అని తీర్పిచ్చేసి కార్బ్ విప్పా. పైలట్ జెట్ ఊదా, ఫ్లోట్ ఎత్తు చూశా, రీడ్ వాల్వ్ రేకులు వెలుతురులో పెట్టి సందులున్నాయేమో చూశా, పెట్రోల్ మార్చి ఆయిల్ కొత్తగా కలిపా. ఆదివారం అయిపోయింది, బండి లేవలా. మా వాడు మాత్రం "అన్నా, కార్బ్ ప్రాబ్లం అయితే తోసినా లేవకూడదు కదా" అన్నాడు, నేను నీకు తెలీదు ఊరుకో అన్నా. ఆ మాట విని ఉంటే ఈ పోస్టు సగమే ఉండేది.

అసలు బయట గాలిలో కనిపించే స్పార్క్‌ని నమ్మకూడదు. మామూలు గాలిలో 1 మి.మీ. సందు దాటడానికి సుమారు 3,000 వోల్టులు చాలు, ప్లగ్ గ్యాప్ 0.6, 0.7 మి.మీ. ఉంటుంది కాబట్టి చచ్చుబడిన కాయిల్ కూడా ఆ పాటి దూరం దూకేస్తుంది. అదే ప్లగ్ సిలిండర్లో బిగిస్తే, పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కినప్పుడు ప్రెషర్ బయటికంటే ఎనిమిది పది రెట్లు అవుతుంది, గాలి ఎంత చిక్కబడితే స్పార్క్ దూకడానికి అన్ని ఎక్కువ వోల్టులు కావాలి. బయట దర్జాగా దూకింది లోపల నోరు మూసుకుంటుంది. అంటే నేను చూసింది స్పార్క్ ఉందా లేదా అనేదే, ఎంతుంది అనేది చూడలా.

ఎంతుందో చూడ్డానికి పెద్ద సామానేం అక్కర్లేదు. ఒక పాత ప్లగ్ తీసుకుని దాని కొక్కెం, అదే పక్కనుంచి వంగి మధ్య కడ్డీ మీదకొచ్చే ముక్క, దాన్ని కోసేస్తే మధ్య కడ్డీకి చుట్టూ ఉన్న ఇనప గోడకి మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది, స్పార్క్ ఆ ఖాళీ దాటాలి. దాని బాడీకి ఒక వైరు బిగించి ఇంజన్ బోల్టుకి గట్టిగా ఎర్త్ చేయాలి. నా దగ్గర గ్యాప్ మార్చుకునే టెస్టర్ ఉంది కాబట్టి దాంతో చూశా. మంచి సీడీఐ బండి కిక్ స్పీడులోనే 6 మి.మీ. దూకాలి, టక్కుమని చప్పుడు కూడా రావాలి. నాది 6 దగ్గర సున్నా, 5 దగ్గర సున్నా, 3 దగ్గర సన్నగా నారింజ రంగులో ఒక గీత, అదీ కొన్ని కిక్కులకి వచ్చి కొన్నిటికి రాకుండా. రంగు గురించి అందరూ చెప్తారు, నీలం అయితే మంచిది నారింజ అయితే వీక్ అని, నిజమే కానీ ఎండలో రంగు ఏం కనబడదు, అసలు సీడీఐ స్పార్కే చాలా కొద్దిసేపు ఉండి సన్నగా కనిపిస్తుంది. నేనైతే రంగు కంటే చప్పుడు నమ్ముతా. దూరం ఇంకా నయం.

ఒక్క జాగ్రత్త. ప్లగ్ కన్నం తెరిచి ఉండగా కిక్ కొడితే అందులోంచి పెట్రోల్ తుంపర బయటికి కొడుతుంది, పక్కనే మనం స్పార్క్ పెడుతుంటాం, ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కన్నంలో వేరే పాత ప్లగ్ బిగించేసి టెస్టర్‌ని దూరంగా పెట్టండి. ఎర్త్ లేకుండా క్యాప్‌ని గాల్లో వదిలి కిక్ కొట్టొద్దు, దూకడానికి దారి లేకపోతే ఆ వోల్టేజ్ కాయిల్ లోపల ఇన్సులేషన్‌ని పొడిచేస్తుంది. చేత్తో పట్టుకోవడం గురించి నేను అనుభవంతో చెప్తున్నా, వద్దు.

రెండో ఆదివారం ప్లగ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళా. కొత్త ప్లగ్ పెట్టా, తేడా లేదు. తర్వాత క్యాప్. ఇది హెచ్‌టీ వైరు, అంటే కాయిల్ నుంచి వచ్చే ఆ మందపాటి వైరు, దాని చివర స్క్రూలాగా బిగిసి ఉంటుంది, తిప్పి ఊడదీసి మల్టీమీటర్ పెడితే 5 కిలోఓమ్‌లు చూపించాలి, ఎందుకంటే దాని లోపల 5 కిలోఓమ్ రెసిస్టర్ ఉంటుంది. నాది 38 కిలోఓమ్‌లు చూపించి, కొంచెం మెలిపెడితే లక్షల్లోకి పోయింది. లోపల రెసిస్టర్ కాలిపోయి పొడి అయి ఉంటుంది. హెచ్‌టీ వైరు చివర రాగి పచ్చగా చిలుము పట్టింది, ఒక 8 మి.మీ. కోసి మెరిసే రాగి కనపడేదాకా పోయి కొత్త క్యాప్ బిగించా. ఇంకో మాట, ప్లగ్ నంబర్‌లో ఆర్ అని ఉంటే, బీఆర్8ఈఎస్ లాగా, ప్లగ్ లోపల కూడా ఇంకో రెసిస్టర్ ఉన్నట్టు, రెండూ కలిసినా మంచి సిస్టమ్‌కి లెక్క కాదు, అసలే నీరసంగా ఉన్నదానికి మాత్రం అది కూడా బరువే.

క్యాప్ మార్చాక గీత 3 నుంచి మూడున్నరకి వచ్చింది. నిజమైన తప్పే దొరికింది కానీ అసలు తప్పు కాదు. ఇలాంటప్పుడే మనిషి ఆగిపోతాడు, ఏదో ఒకటి దొరికింది కదా అని. నేనూ అన్నీ బిగించి కిక్ కొట్టా. ఊహూ.

తర్వాత కిల్ స్విచ్, అంటే ఇంజన్ ఆపే బటన్. ఈ బండ్లలో స్విచ్ నొక్కితే కరెంటు తెగదు, ఎర్త్‌కి పోతుంది, అంటే స్విచ్ లోపల తడో మట్టో చేరి కొద్దికొద్దిగా లీకయినా స్పార్క్ సగం అక్కడే కారిపోతుంది. సీడీఐ దగ్గర ఆ వైరు ఊడదీసి చూడటమే టెస్టు. ఊడదీశా, తేడా ఏం రాలా, వైరు చివర టేపు చుట్టి ఫ్రేమ్ పక్కకి తోసి ముందుకెళ్ళిపోయా.

ఎర్త్ దగ్గర మాత్రం సిగ్గుపడ్డా. ఏడాది క్రితం ఫ్రేమ్‌కి నేనే పెయింట్ వేశా, బాగా మందంగా, రెండు కోట్లు, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు కూడా. కాయిల్‌కి వేరే ఎర్త్ వైరు ఉండదు, అది ఫ్రేమ్‌కి బిగిసే బోల్టుల ద్వారానే ఎర్త్ అవుతుంది, ఆ చెవుల కింద నా అందమైన పెయింట్. కాయిల్ ఇనప ముక్కకి ఇంజన్ కేస్‌కి మధ్య మీటర్ పెడితే 4 ఓమ్‌లు! కాయిల్ ప్రైమరీ, అంటే సీడీఐ నుంచి కరెంటు వచ్చే చుట్టు, మొత్తం ఓమ్‌లో సగం కూడా ఉండదు, ఆ దారిలో 4 ఓమ్‌లు అడ్డం పెట్టి స్పార్క్ ఏది అని వెతుకుతున్నా. గరుకు కాగితంతో తెల్ల ఇనుము కనపడేదాకా గీకి, కాయిల్ బోల్టు నుంచి ఇంజన్‌కి విడిగా ఒక వైరు వేశా. గీత 4 దాటింది, ఇప్పుడు ప్రతి కిక్‌కీ వస్తోంది. బండి ఒకసారి దగ్గింది కూడా, ఆ దగ్గుకే ఇద్దరం కేకలేశాం.

కాయిల్ కొలతలు తొందరగా చెప్పేస్తా. ప్రైమరీ కొలిచేటప్పుడు ముందు మీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో చూసి దాన్ని తీసేయాలి, లేకపోతే 0.3 ఉన్నది 0.5 అనిపిస్తుంది, అక్కడ ఆ తేడా పెద్దదే. సెకండరీ, అంటే ప్లగ్‌కి పోయే చుట్టు, క్యాప్ లేకుండా కొలవాలి. నావి రెండూ మాన్యువల్ ప్రకారం ఉన్నాయి. కొలవకముందే కొత్త కాయిల్ కొనేశానని ఇక్కడ ఒప్పుకుంటున్నా, అది ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. సీడీఐ అయితే మీటర్‌కి లొంగదు, ఇంకో మంచి డబ్బా పెట్టి చూడటమే, అందుకే దాన్ని ఆఖర్న అనుమానించాలి, అందరూ మొదట అనుమానించేదీ దాన్నే. నేను ఒక పాతది తెచ్చి పెట్టి చూశా. సేమ్ టు సేమ్.

రెండో ఆదివారం రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే తమ్ముడి మాట గుర్తొచ్చింది. తోస్తే లేస్తుంది, కిక్‌కి లేవదు. తేడా ఏంటి రెండిటికీ? స్పీడ్. తోసినప్పుడు ఇంజన్ కిక్‌లో కంటే గట్టిగా, ఆగకుండా తిరుగుతుంది. స్పీడ్ మీద ఆధారపడేది ఏంటి ఈ మొత్తంలో?

సీడీఐ పని చేసే తీరు కుండలో చెంబుతో నీళ్ళు నింపి ఒక్కసారి గుమ్మరించినట్టు ఉంటుంది. మాగ్నెట్ లోపల సోర్స్ కాయిల్ అని ఒకటి ఉంటుంది, అయస్కాంతాలు దాని పక్కనుంచి తిరుగుతుంటే అందులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు డబ్బా లోపల ఉన్న కెపాసిటర్‌ని నింపుతుంది. ఇంకో చిన్నది, పికప్ కాయిల్, సరిగ్గా సమయానికి "ఇప్పుడు" అని ఒక సైగ చేస్తుంది, డబ్బాలోని ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ తలుపు తెరుస్తుంది, కెపాసిటర్‌లోదంతా ఒక్క దెబ్బకి ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీలోకి పడుతుంది.  1969 కవాసాకీ హెచ్1 లాంటివి సీడీఐతో వచ్చినప్పుడు జనం సంబరపడింది ఎందుకంటే, టూ స్ట్రోక్‌లో ప్లగ్ ఆయిల్‌తో మసిబారినా సీడీఐ వోల్టేజ్ టక్కున లేచి ఆ మసిలోంచి కారిపోయే లోపే దూకేస్తుంది.

ఇప్పుడు లెక్క. కెపాసిటర్‌లో ఉండే శక్తి వోల్టేజ్ వర్గం మీద ఆధారపడుతుంది. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 200 వోల్టులకి నిండితే 20 మిల్లీజౌల్స్, 100 వోల్టులకే ఆగిపోతే 10 కాదు, 5. సోర్స్ కాయిల్ కొంచెం నీరసపడితే స్పార్క్ కొంచెం తగ్గదు, కుప్పకూలుతుంది, అదీ తక్కువ స్పీడులోనే. పైన ఆర్‌పీఎం ఉంటే కాయిల్ నీరసాన్ని స్పీడే కప్పేస్తుంది. మంచం మీంచి లేచి తమ్ముడికి మెసేజ్ పెట్టా, "నువ్వన్నదే కరెక్ట్". వాడు ఏది అని అడిగాడు, అన్నమాట కూడా గుర్తులేదు వాడికి.

కానీ సోర్స్ కాయిల్‌ని నేను అప్పటికే కొలిచా! మాన్యువల్‌లో 200 నుంచి 300 ఓమ్‌లు, నాది 290. పాస్ మార్కులే కదా అని వదిలేశా. ఇందులో రెండు మోసాలున్నాయి. ఒకటి, ఓమ్‌లు కొలిచే మీటర్ తన బ్యాటరీతో చిన్న వోల్టేజ్ పెట్టి చూస్తుంది, పని చేసేటప్పుడు వందల వోల్టులొస్తాయి, చుట్లు ఒకదానికొకటి కలిసిపోయినా ఆ కొలతలో పెద్దగా బయటపడదు. రెండు, రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, డిగ్రీకి 0.39 శాతం చొప్పున, అంటే 20 డిగ్రీల దగ్గర 250 ఉన్నది 100 డిగ్రీలకి 328 అవుతుంది, అది జబ్బు కాదు. కాబట్టి చల్లటి ఇంజన్ మీద కొలవాలి. నేను చల్లగానే కొలిచా, అయినా 290 అంటే హద్దుకి అంచున ఉంది, ఆ అంచుని నేను పట్టించుకోలా.

మూడో ఆదివారం ఓమ్‌లు పక్కన పెట్టి వోల్టేజ్ కొలిచా. మామూలు మీటర్ కిక్‌లో వచ్చే చిన్న దెబ్బని పట్టుకోలేదు, అందుకని ఒక 1ఎన్4007 డయోడ్, ఒక 630 వోల్టుల చిన్న కెపాసిటర్ కలిపి పీక్, అంటే ఆ దెబ్బలో వచ్చే అత్యధిక వోల్టేజ్, పట్టే తోక తయారుచేసి మీటర్‌ని డీసీలో పెట్టా. సోర్స్ కాయిల్ వైరుని సీడీఐ నుంచి ఊడదీసి నేరుగా దానికి తగిలించి, కిక్. 62 వోల్టులు. మళ్ళీ కిక్, 58. తీగలు తిరగేసి చూశా, ఇంకా తక్కువ. తర్వాత మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, కనెక్టర్ దగ్గర కాకుండా ఇంజన్ కేస్‌లోంచి వైరు బయటికొచ్చే రబ్బరు దగ్గర వేలితో కదిపా. 290, 290, 341, 402, మళ్ళీ 288. ఆ అంకెలు ఆడటం చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

మాగ్నెట్ ఊడదీయడానికి పుల్లర్ కావాలి, దాని మర ఎటు తిరుగుతుందో, సైజు ఎంతో బండి బట్టి చూసుకోవాలి. సుత్తి జోలికి పోవద్దు, క్రాంక్ పాడవుతుంది, అయస్కాంతాలు కూడా దెబ్బతింటాయి. లోపల ఎర్రటి సన్న తుప్పు పొడి, అయస్కాంతాలకి అంటుకుని మీసాల్లాగా నిలబడి ఉంది. తుడిచా. మాగ్నెట్‌ని క్రాంక్ మీద సరిగ్గా కుదిర్చే అర్ధచంద్రం కీ చూశా, సగం కోసుకుపోతే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, జరిగి వేరే రకం తిప్పలు వస్తాయి, అదృష్టం, బానే ఉంది. కాయిల్స్ బిగిసి ఉండే స్టేటర్ ప్లేట్ విప్పేముందు ప్లేట్‌కీ కేస్‌కీ కలిపి ఒక గీత గీయండి, లేకపోతే టైమింగ్ మళ్ళీ సెట్ చేసుకోవాలి, నేను పోయినసారి గీయలేదు కాబట్టి ఈసారి రెండు గీశా.

తప్పు ఎక్కడుందంటే, కాయిల్ చుట్ల చివర తీగ బయటి మందపాటి వైరుకి అతుక్కునే చోట. పైన నల్ల వార్నిష్ పొర, సూదితో గీకుతుంటే కింద పచ్చటి పొడి రాలింది. సోల్డర్ ఉంది కానీ తీగ దాంట్లో అతుక్కుని లేదు, చిలుము మధ్యలో ఆనుకుని నిలబడింది, అంతే. వెంట్రుక కంటే కొంచెం లావు ఉంటుందేమో ఆ తీగ, నేను గట్టిగా ఊపిరి వదిలితే కదులుతోంది. ఒక చుట్టు విప్పి మంచి రాగి దాకా వెనక్కి వెళ్ళి, సన్న గరుకు కాగితం వేళ్ళ మధ్య పెట్టి ఎనామెల్ గీకాలి, ఎక్కువ గీకితే తెగుతుంది, తక్కువ గీకితే సోల్డర్ పట్టదు. మొదటిసారి తెగింది. ఇంకో చుట్టు విప్పా. రెండోసారి పట్టింది, వెండిలా మెరిసింది, ఇంజన్ వణుకుడికి మళ్ళీ లాగకుండా చిన్న లూప్ వదిలి వేడి తట్టుకునే ఎపాక్సీ పూశా. ఒకటి రెండు చుట్లు పోయినా ఫర్వాలేదు, అక్కడ ఉన్నవి వేలల్లో.

ఎపాక్సీ ఆరాక కొలిస్తే 241, కదిపినా 241. పికప్ కాయిల్ సందు ఫీలర్ గేజ్‌తో మాన్యువల్ చెప్పినంత పెట్టి, గీతలు కలిపి బిగించా. పీక్ 165 వోల్టులు. టెస్టర్ 6 దగ్గర పెట్టా, తమ్ముడు కిక్ కొట్టాడు, టక్! 7 దగ్గర పెట్టా, టక్! ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపించిందట.

కొత్త ప్లగ్ బిగించి, చోక్ లాగి, కిక్ వాడికే ఇచ్చా, వాడి హక్కు అది. మూడో కిక్‌కి లేచింది. నీలం పొగ, ఆ గింగిర్ల చప్పుడు, చోక్ తోసేశా, ఐడిల్ ఒక్క దెబ్బ తప్పకుండా నిలబడింది. రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి ఇక ఆపి మళ్ళీ వేడి మీద కిక్ కొట్టి చూద్దాం అని కిల్ స్విచ్ నొక్కా. ఆగలా. మళ్ళీ నొక్కా, పట్టుకుని నొక్కా. తమ్ముడు "అన్నా ఆగట్లేదేంటి, స్విచ్ పోయిందా" అని అరుస్తున్నాడు, నేను రెండు బ్రేకులూ పట్టి గేర్ వేసి క్లచ్ వదిలేసి చంపా. స్విచ్ బానే ఉంది. దాని వైరే, టేపు చుట్టి, ఫ్రేమ్ పక్కన నేను తోసిన చోటే ఉంది.